పదకొండు మంది తల్లులకు చెప్పిన మాట

గుమ్మలక్ష్మీపురం మండలంలో తారు రోడ్డు ఆగిపోయిన చోటు నుంచి పైకి తొమ్మిది గిరిజన గూడలున్నాయి. ఆ తొమ్మిదింటికీ ఇరవై అయిదేళ్లుగా రత్నాలే నర్సు. కాగితాల్లో ఏఎన్‌ఎం అని రాస్తారు గానీ గూడల్లో ఆమె నర్సమ్మే. బొబ్బిలి పక్కన ఒక రైతు కుటుంబంలో పుట్టింది. ఇంటర్ అయ్యాక నర్సు శిక్షణ తీసుకుని, ఇరవై మూడో ఏట మొదటి పోస్టింగుకి ఈ కొండలెక్కింది. ఒక్క ఏడాది ఓర్చుకుని బదిలీ పెట్టించుకుందామనుకుంది. ఆ ఏడాది అలా అలా సాగిపోయింది. భర్త వరహాలరావు పార్వతీపురం బస్సు డిపోలో కండక్టరు. వారానికి రెండు రోజులు ఆమె ఇంటికి వెళ్తుంది, మిగతా రోజులు సబ్ సెంటర్ గదిలోనే ఉంటుంది.

నడక ఆమెకు అలవాటైపోయింది. టీకాల పెట్టె భుజాన వేసుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని గెడ్డ, అంటే కొండవాగు, దాటుతుంది. ఏ ఇంట్లో ఎవరు ఎన్నో నెల కడుపుతో ఉన్నారో పుస్తకం చూడకుండా చెబుతుంది. సవర భాషలో నొప్పి ఎక్కడ, ఎన్ని రోజుల నుంచి, రక్తం పడిందా అని అడగగలదు. అంతకు మించి మాట్లాడబోతే అవతలివాళ్లు నవ్వేస్తారు. ఇక్కడి ఇంకో తెగ, జాతాపు వాళ్లయితే తెలుగులోనే మాట్లాడతారు.

ఇన్నేళ్లలో ఆమె అందరు తల్లులకూ చెబుతూ వచ్చిన మాటల్లో ఒకటి ఇది: బిడ్డకు రెండేళ్లు నిండేదాకా పాలు మాన్పకండి, ఆరో నెల నుంచి మెత్తటి అన్నం కూడా పెట్టండి. శిక్షణలో అలాగే నేర్పారు, ఆమె అలాగే చెప్పింది. మరి తన కూతురు ప్రసన్నకు మాత్రం ఎనిమిదో నెలకే మాన్పవలసి వచ్చింది. పిల్లను బొబ్బిలిలో తల్లి దగ్గర వదిలి డ్యూటీకి వచ్చేసింది. అయినా ప్రసన్న బొద్దుగా పెరిగింది. ఈ సంగతి రత్నాలు ఎవరితోనూ అనేది కాదు గానీ, పాలు మాన్పకండని చెప్పే ప్రతిసారీ లోపల ఎక్కడో గుచ్చుకునేది.

మూడేళ్ల కిందట, మే నెలలో, విశాఖ నుంచి ఒక సంస్థ వాళ్లు పిల్లల బరువుల సర్వేకి వచ్చారు. రత్నాలు గూడలకు వచ్చిన కుర్రాడి పేరు చైతన్య. ఇరవై ఆరేళ్లుంటాయి. ట్యాబ్ ఒకటి, వేలాడదీసే కాటా ఒకటి. కాటా ఎవరికీ ఇవ్వకుండా తనే మోసుకునేవాడు. ప్రతి ఇంట్లోనూ పిల్లను తూచి, పొడవు కొలిచి, తల్లిని నలభై ప్రశ్నలు అడిగేవాడు. మరుగుదొడ్డి ఉందా, నీళ్లెక్కడివి, నిన్న బిడ్డ ఏం తింది, పాలు ఇంకా తాగుతోందా. పన్నెండు రోజులు అతని వెంట రత్నాలు తిరిగింది. మర్యాద తెలిసినవాడు. తల్లి జవాబు చెప్పడానికి ఎంతసేపు పట్టినా విసుక్కునేవాడు కాదు.

జూన్ మొదటి వారంలో మండలంలో మీటింగు పెట్టి ఫలితాలు చెప్పారు. చెప్పింది చైతన్య కాదు, అతని పైన ఉన్న కోఆర్డినేటరు. తెర మీద రెండు కడ్డీల బొమ్మ వేశాడు. ఏడాది దాటాక కూడా తల్లిపాలు తాగుతున్న పిల్లల్లో బరువు తక్కువవాళ్లు, మాన్పేసిన పిల్లల్లో కంటే రెండింతలున్నారు. "పాలతో కడుపు నింపేసుకుని పిల్లలు అన్నం ముట్టడం లేదు. ఏడాది నిండగానే పాలు మాన్పించండి, తిండి పెరుగుతుంది, బరువు పెరుగుతుంది," అన్నాడు. పంచడానికి కరపత్రాలు కూడా అచ్చు వేయించారు.

ఆ రోజు డాక్టరు సెలవులో ఉన్నాడు. రత్నాలే లేచి అడిగింది, "రెండేళ్లదాకా ఇమ్మని కదండీ మాకు నేర్పింది?"

"అది దేశమంతటికీ చెప్పే మాటమ్మా. ఇది మీ కొండల లెక్క," అన్నాడతను.

ఆమె కూర్చుంది. నిజానికి ఆ జవాబు ఆమెకు ఊరటగానే ఉంది. బక్కపిల్లలంతా తల్లి చీరకొంగు వదలకుండా వేలాడుతుండటం తను రోజూ చూసేదే కదా. గట్టి పిల్లలు వీధిలో ఆడుకుంటారు, జీడిమామిడి తోటల్లో పండ్లు ఏరుకు తింటారు. కళ్లతో చూసిందే తెర మీద కనబడింది. పైగా ప్రసన్న గుర్తొచ్చింది. ఇన్నేళ్లూ తప్పు చేశానేమో అనుకున్నది తప్పు కాదన్నమాట.

ఆ నెలలో ఆమె పదకొండు మంది తల్లులకు ఆ మాట చెప్పింది. పేర్లు వరసగా పుస్తకంలో రాసుకుంది కూడా.

వాళ్లలో కనక ఒకతి. గెడ్డకు అవతలి గూడలో ఉంటుంది, జాతాపు పిల్ల, ఇరవై నాలుగేళ్లు. ఇద్దరు పిల్లలు. పెద్దవాడు నాలుగేళ్ల గట్టి గుంటడు. రెండోది సాహితి, అప్పటికి పదహారు నెలలు, ఏడు కిలోల మూడు వందల గ్రాములు. చేయి పట్టుకుంటే పుల్లలా ఉండేది. పాలు తప్ప ఏదీ సరిగా ముట్టదు.

"దీనికి పాలు మాన్పీ కనకా," అంది రత్నాలు, అరుగు మీద కూర్చుని. "పాలుంటే అన్నం ముట్టదు. నాలుగు రోజులు ఏడుస్తాది, అయిదో రోజు అదే తింటాది."

కనక నేల చూస్తూ అంది, "ఇది తినదు నర్సమ్మా. పాలే అడుగుతాది."

"అందుకే మాన్పీమంటున్నాను. వేపాకు నూరి రాసుకో."

లోపల చోళ్లు, అదే రాగులు, విసురుతున్న కనక అత్త తిరగలి ఆపి ఏదో గొణిగింది. రత్నాలుకు వినబడలేదు. ఏమన్నావని అడగకుండా ఊరుకోవడం తేలికనిపించింది. కనక మాత్రం తలూపింది.

వానలు పట్టాయి. ఆషాఢం వెళ్లేసరికి గూడల్లో నిలవ గింజలు అడుగంటుతాయి. ఎండబెట్టి దాచిన మామిడి టెంకల పిండితో జావ కాచుకుంటారు. జులై నెలాఖరులో ఒక మధ్యాహ్నం ఆశా కార్యకర్త ఫోన్ చేసింది. సిగ్నల్ కోసం కొండ మీదికెక్కి చేసింది కాబోలు, ఆయాసంతో మాట్లాడింది. సాహితికి రెండు రోజులుగా విరేచనాలు, కళ్లు లోపలికి పోయాయి, ఏదీ తాగడం లేదు. రత్నాలు గెడ్డ దగ్గరికి వెళ్లేసరికి నీళ్లు మొలలోతుకి వచ్చి ఉన్నాయి. కనక మగడూ అతని తమ్ముడూ పట్టుకుని దాటించారు. ఆమె పిల్ల పొట్ట మీద చర్మం చిటికెతో పట్టి వదిలింది. ముడత అలాగే నిలబడిపోయింది. చెంచాతో ఉప్పూ పంచదార నీళ్లు నోట్లో పోస్తే పక్కనుంచి కారిపోయాయి.

"పాలు పట్టు," అంది రత్నాలు.

"ఎక్కడివి నర్సమ్మా? మాన్పీసి నెలయింది. ఎండిపోనాయి."

రత్నాలు చెంచా గిన్నెలో పెట్టి లేచింది. పిల్లను గుడ్డలో చుట్టి గెడ్డ దాటించి, మోటారు సైకిల్ మీద, రోడ్డు తగిలాక అంబులెన్సులో, పార్వతీపురం ఆసుపత్రికి చేర్చారు. దారంతా రత్నాలు చెంచాతో నీళ్లు పోస్తూనే ఉంది. సెలైన్ ఎక్కించాక పిల్ల ఏడ్చింది. ఏడుపుకి కన్నీళ్లు వచ్చాయి, ఒంట్లోకి నీళ్లు చేరాయన్నమాట. అప్పుడు కనక గోడకు జేరబడి కూర్చుంది.

ఆ మర్నాడు సాహితిని బరువు తక్కువ పిల్లల వార్డుకి మార్చారు. తూస్తే ఆరు కిలోల ఆరు వందలు. రత్నాలు సెలవు పెట్టి పార్వతీపురంలోనే ఉండిపోయింది. ఇంటి నుంచి క్యారేజీలో అన్నం తెచ్చి కనకకు పెట్టేది. మూడో రోజు, అన్నం తింటున్న కనకను అడగలేక అడిగింది, "నామీద కోపంగా ఉందేటి?"

కనక ముద్ద మింగి అంది, "నాకొకటి తెలీదు నర్సమ్మా. మా పెద్దోడికి ఏడాదికే మాన్పీసినాను. ఎవులూ సెప్పనేదు. ఆడు అంబలీ తినీవోడు, పనసకాయ కూరా తినీవోడు. ఇంక పాలెందుకు అనీసి మాన్పీసినాను. దీనికి మాన్పనేదు, ఇది తినదు గనక. పుట్టినకాడి నుంచీ నీరసమే. ఇది కూడా తింటే నానే మాన్పుదును కదా. పాలు తాగబట్టి సన్నంగున్నాదని నువ్వన్నావు. సన్నంగున్నాదనే నాను పాలిచ్చినాను."

రత్నాలు చేతిలో ఉన్న మంచినీళ్ల సీసా కింద పెట్టింది. ఎదుటి మంచం మీద ఇంకో తల్లి తన బిడ్డకు గిన్నెలో పాలు కలుపుతోంది. ఇరవై రెండేళ్లు, ఎన్ని వందల ఇళ్లు, ఎందరు తల్లులు. బక్కపిల్లకు ఇంకో నాలుగు నెలలు పాలివ్వడం, గట్టి పిల్లకు తొందరగా మాన్పడం తన కళ్ల ముందే జరుగుతూ వచ్చాయి. చూసింది నిజమే. ఏది ముందో ఏది తర్వాతో మాత్రం తిరగేసి చదువుకుంది.

సబ్ సెంటరుకు తిరిగొచ్చాక ఆమె బీరువాలోంచి మూడేళ్ల పుస్తకాలు దించింది. ఆశా కార్యకర్తలు మూడో నెల, ఆరో నెల, తొమ్మిదో నెల, పన్నెండు, పదిహేను నెలలప్పుడు ప్రతి పిల్లనూ ఇంటికెళ్లి చూస్తారు. బరువు రాస్తారు, పాలు తాగుతోందా లేదా అని టిక్కు పెడతారు. ఆ పుస్తకాలను ఎవరూ తిరిగి తెరిచింది లేదు. రత్నాలు తెరిచింది. మధ్యాహ్నాలు టీకాల పని లేనప్పుడు వరండాలో కూర్చుని, పదిహేను నెలలు దాటిన అరవై నాలుగు మంది పిల్లల పేర్లు ఒక తెల్ల కాగితం మీద ఎక్కించింది.

అందులో పదిహేనో నెలలో ఇంకా పాలు తాగుతున్నవాళ్లు ముప్పై ఎనిమిది మంది, మాన్పేసినవాళ్లు ఇరవై ఆరుగురు. తాగుతున్నవాళ్లలో బక్కపిల్లలు పందొమ్మిది, సరిగ్గా సగం. మాన్పేసినవాళ్లలో ఆరుగురు, అంటే పావు వంతు కంటే కొంచెం తక్కువ. కోఆర్డినేటరు తెర మీద వేసిన బొమ్మే ఇది. అతను చెప్పిందే నిజమా? అప్పుడు వెనక్కి తిప్పి, అదే పిల్లలు తొమ్మిదో నెలలో ఎలా ఉన్నారో చూసింది. తొమ్మిదో నెలలో అందరూ పాలు తాగేవాళ్లే, ఒక్కరికీ మాన్పలేదు. ఆ ముప్పై ఎనిమిది మందిలో అప్పటికే బక్కగా ఉన్నవాళ్లు పదిహేడు మంది. ఆ ఇరవై ఆరుగురిలో అయిదుగురు. పాలు మాన్పడం అన్నదే మొదలవకముందు నుంచీ తేడా అక్కడ ఉంది. సాహితి వరస కూడా చూసింది. తొమ్మిదో నెలలో ఆరు కిలోల వంద గ్రాములు. అప్పటికే బరువు పట్టికలో ప్రమాదమని చెప్పే ఎరుపు గడి అంచుకి వచ్చేసి ఉంది.

సెప్టెంబరులో రెండో విడత సర్వేకి చైతన్య వచ్చాడు. రత్నాలు అతనికి టీ ఇచ్చి, కాగితం ముందు పెట్టింది.

"ఇది చూడు బాబూ. నువ్వు ఒక్క రోజు వచ్చి తూసి ఎల్లిపోనావు. ఆ రోజుకి పాలు తాగుతున్నదెవరు, బక్కగా ఉన్నదెవరు అని రాసినావు. ఏది ముందు, ఏది తర్వాత అని నీకెలా తెలుస్తాది?"

అతను చాలాసేపు చూశాడు. వేలు వరసల మీద జరుపుతూ రెండుసార్లు లెక్కపెట్టాడు. టీ చల్లారిపోయింది.

"మేడమ్, ఇది నేను అడగాల్సిన ప్రశ్న," అన్నాడు చివరికి. "నలభై ప్రశ్నలు అడిగాను. ఎందుకు మాన్పలేదు అని ఒక్క తల్లిని అడగలేదు."

"నానూ అడగనేదు బాబూ. ఇరవై రెండేళ్లు ఇక్కడున్నాను."

చైతన్య ఆ కాగితాన్ని ఫోటో తీసుకున్నాడు. తర్వాత కొంచెం తటపటాయించి అన్నాడు, "ఒక మాట చెప్పనా మేడమ్. పాలు బరువు తగ్గించాయి అనడానికి మా లెక్క చాలదని దీంతో తేలింది. కానీ పాలు బరువు పెంచాయి అని మీ కాగితం కూడా చెప్పడం లేదు."

"అది తెలుసు. నాను అలాగనలేదు కదా." ఆమెకు కొంచెం కోపమొచ్చింది. కానీ అతను అన్నది సబబే.

అతను పైవాళ్లకు రాశాడు. ఏం జరిగిందో రత్నాలుకు పూర్తిగా తెలియదు. నవంబరుకి ఆ కరపత్రాలు ఆగిపోయాయి. వాటి బదులు, రెండేళ్ల వరకూ పాలూ, ఆరో నెల నుంచి తిండీ అని కొత్తవి వచ్చాయి. పాతది తప్పు అని మాత్రం ఎక్కడా రాయలేదు.

వీటన్నింటి కంటే ఆమెను పీడించింది సాహితి సంగతి. నెలవారీ మీటింగు అయ్యాక ఒక రోజు మండల ఆసుపత్రి డాక్టరు లక్ష్మీప్రసాద్ గదిలోకి వెళ్లింది. ఆయన ఆ ఆసుపత్రికి వచ్చి రెండేళ్లవుతోంది, తక్కువ మాట్లాడే మనిషి. రత్నాలు నిలబడే చెప్పింది, తన మాట విని పాలు మాన్పడం వల్లే ఆ పిల్ల ప్రాణం మీదికి వచ్చిందని, ఏ శిక్ష వేసినా తీసుకుంటానని.

ఆయన కూర్చోమన్నాడు. "ఆ గూడలో ఆ నెల విరేచనాలు పట్టిన పిల్లలు ఎందరు?"

"ఏడుగురు సార్."

"అందులో పాలు మాన్పినవాళ్లు?"

రత్నాలు ఆలోచించింది. "ఇద్దరు."

"నీళ్లు?"

"ఊట దగ్గర పైపు జూన్‌లోనే పగిలింది సార్. గెడ్డ నీళ్లే తాగారు అందరూ."

"అయితే మాన్పడం వల్లే వచ్చిందని ఎలా అంటున్నారు? ఒకదాని తర్వాత ఒకటి జరిగింది, అంతే కదా. మీరు ఏమడిగారో ఆ సర్వే కుర్రాడు చైతన్య నాకు చెప్పాడు. ఇప్పుడు మీరే అదే పని చేస్తున్నారు."

"అయితే నా తప్పు లేదంటారా?"

లక్ష్మీప్రసాద్ కళ్లద్దాలు తీశాడు. "అది కూడా అనలేను. పాలు ఉండి ఉంటే పిల్ల అంత నీరసించేది కాదేమో. లేక అలాగే అయ్యేదేమో. ఆ ఒక్క పిల్ల విషయంలో మీకు గానీ నాకు గానీ ఎప్పటికీ తెలియదు. తెలిసినంత వరకూ చేయండి. పైపు సంగతి నేను రాస్తాను, మీరు కూడా ఒక అర్జీ ఇవ్వండి."

ఆమె బయటికొచ్చి బస్సు కోసం నిలబడింది. తప్పు చేశావని ఆయన గట్టిగా అన్నా, చేయలేదని గట్టిగా అన్నా ఈ బరువు దిగేదనిపించింది. ఆయన రెండూ అనలేదు. అప్పటి నుంచి ఆమెకు ఆ తెలియకపోవడం అలవాటవుతూ వచ్చింది.

పైపుకి అర్జీ పెట్టాక రత్నాలు ఇంకో పని పెట్టుకుంది. పుస్తకంలో రాసుకున్న ఆ పదకొండు మంది దగ్గరికీ తిరిగి వెళ్లింది. ఫోన్‌లో చెప్పొచ్చు, ఆశా కార్యకర్తలతో చెప్పించొచ్చు. కానీ మాన్పమని తను అరుగు మీద కూర్చుని చెప్పింది కాబట్టి, అలాగే కూర్చుని వెనక్కి తీసుకోవాలనుకుంది. తొమ్మిది రోజులు పట్టింది.

అక్కడ ఆమె అనుకోని సంగతి ఒకటి బయటపడింది. పదకొండు మందిలో ఏడుగురు అసలు మాన్పనే లేదు. ఆమె చెప్పినప్పుడు తలూపారు, ఆమె గెడ్డ దాటగానే బిడ్డను ఒళ్లోకి తీసుకున్నారు. "నువ్వు బాధపడతావనీసి ఊ అన్నాము," అంది ఒకామె, నవ్వాపుకుంటూ. రత్నాలుకు ముందు సిగ్గేసింది, తర్వాత తనూ నవ్వింది. ఆ మధ్యాహ్నం వాళ్లింట్లోనే చోడంబలి తాగింది. మాన్పిన నలుగురిలో ఇద్దరు పిల్లలు బాగానే తింటున్నారు. మూడో తల్లి మళ్లీ మొదలుపెట్టానంది.

నాలుగోది కనక. ఆసుపత్రి వార్డులో ఉన్న పద్నాలుగు రోజులూ అక్కడి నర్సులు సాహితిని రోజుకి పదిసార్లు రొమ్ముకి పెట్టించారు. ఇంటికొచ్చాక కూడా కనక మానలేదు. మూడు వారాలకు పాలు కొద్దికొద్దిగా తిరిగొచ్చాయి. రత్నాలు వెళ్లేసరికి పిల్ల గడప మీద కూర్చుని ఉడకబెట్టిన గుడ్డు నలిపి సగం నేలపాలు, సగం నోటిపాలు చేస్తోంది.

రత్నాలు తను చెప్పింది తప్పని, మాన్పవద్దని, తప్పు ఎలా జరిగిందో కూడా విడమరిచి చెప్పింది. కనక వింది. తిరగలి దగ్గరున్న అత్త ఈసారి బయటికొచ్చి కూర్చుంది.

"ఆ రోజు నానేటన్నానో ఇన్నావా నర్సమ్మా?"

"ఇన్లేదు అత్తా."

"బలం నేని గుంటకి పాలు మాన్పుతారా ఎవులైనా అన్నాను. నువ్వు సదువుకున్నదానివని ఊరుకున్నాను." ముసలామె గొంతులో ఎత్తిపొడుపేమీ లేదు. ఆమే మళ్లీ అడిగింది, "మరి ఇప్పుడు సెప్పింది నిజమేనా? రేపు మళ్లీ ఇంకోలాగ సెప్తావేటి?"

"ఇప్పటికి తెలిసినంతలో నిజం అత్తా. మళ్లీ ఏదైనా తెలిస్తే బేగొచ్చి సెప్తాను. కానీ ఈసారి ముందు మిమ్మల్ని అడిగే సెప్తాను."

"అలగైతే సరే," అంది ముసలామె, లోపలికెళ్లి పనస గింజలు వేయించి తెచ్చిపెట్టింది.

పైపు బాగుచేయించడానికి ఇంకో ఏడు నెలలు పట్టింది. ఆ తర్వాతి వానాకాలం ఆ గూడలో విరేచనాలు పట్టిన పిల్లలు ఇద్దరే. పైపు వల్లేనని పంచాయతీ మీటింగులో అందరూ అన్నారు. రత్నాలు ఆ ఏడాది వానలు కూడా తక్కువేనని గుర్తు చేసింది. అయినా పక్క గూడకు కూడా పైపు కావాలని అర్జీ రాసింది. మంచి నీళ్లివ్వడానికి అంత రుజువు అక్కర్లేదంది.

చైతన్య ఇప్పుడు వేరే జిల్లాలో పని చేస్తున్నాడు. పిల్లల్ని ఒకసారి కాకుండా పుట్టినప్పటి నుంచి రెండేళ్ల దాకా వెంటపడి తూచే పని అది. అప్పుడప్పుడూ రత్నాలుకు ఫోన్ చేసి, తల్లులను ఏం అడగాలో అడుగుతాడు. కరపత్రాలు మారిన మూడు నెలలకు, సాహితికి రెండేళ్లు నిండిన రోజున, బరువు ఎనిమిది కిలోల ఏడు వందలు వచ్చింది. పట్టికలో ఇంకా బరువు తక్కువవాళ్ల పసుపు గళ్లలోనే ఉంది. ఆ గడిలో చుక్క పెట్టి, పక్కన ఉన్న ఖాళీలో రత్నాలు ఇలా రాసింది: పాలు తాగుతోంది, రోజుకి రెండుసార్లు. అన్నం తింటోంది. పుట్టినప్పటి బరువు రెండు కిలోలే.